సింకులో పన్నెండు ఆవులు

"ఆ ఆవుల్ని తీస్తావా తియ్యవా? పదిన్నరకల్లా జనం వస్తారు. నేను కప్పులెక్కడ కడుక్కోను?"

"రెండే నిమిషాలు అత్తయ్యా. ఇది నాలుగో మునక. దీంతో సరి."

సీట్స్కె నడుం మీద చేతులు పెట్టుకుని సింకులోకి తొంగి చూసింది. పన్నెండు చెక్క ఆవులు, నల్లమచ్చలవి, కాళ్ళకి చక్రాలతో, మెడలో లాగుడు తాళ్ళతో నీళ్ళలో పడి ఉన్నాయి. తేలకుండా వాటి మీద కేకు పళ్ళెం ఒకటి బోర్లించి, దానిపైన ఇస్త్రీపెట్టె పెట్టింది కోడలు రిన్స్కె. ఆ పళ్ళెం ఇవాళ్టి కేకుకోసం రాత్రే తోమి పెట్టుకున్నది.

"అరవై ఎనిమిదో పుట్టినరోజు నాడు నా వంటింట్లో పశువుల్ని ముంచి చంపుతున్నారు. బాగుంది," అంది సీట్స్కె.

రిన్స్కెకి నవ్వొచ్చింది కాని, చేతిలో గడియారం వదల్లేదు. నాలుగు నిమిషాలు నీళ్ళలో, పది నిమిషాలు బయట, అలా నాలుగుసార్లు. జిగురుతో అతికిన చెక్కబొమ్మ చంటిపిల్లల నోట్లో ఎన్నాళ్ళు నిలుస్తుందో చూడడానికి పెట్టే పరీక్ష అది.

ముందు గదిలోంచి మావగారు దౌవె గొంతు వినిపించింది. తలుపు తీసే ఉంది. మనిషి మూడడుగుల దూరంలో ఉన్నాడు.

"సీట్స్కే! నీ కోడలితో చెప్పు, చెక్కని నానబెడితే ఉబ్బుతుందని. ఈ మాత్రం ఎవరికైనా తెలుసని."

"అత్తయ్యా, మావయ్యతో చెప్పండి, పిల్లల నోళ్ళు కూడా తడిగానే ఉంటాయని."

"మీ ఇద్దరి మధ్యా ఉత్తరాలు మొయ్యడానికి నేను పోస్టుమేన్‌ని కాదు," అని సీట్స్కె గట్టిగా రెండు వైపులా చెప్పి, కప్పులు పట్టుకుని స్నానాలగదికి పోయింది.

నాలుగు రోజులుగా ఇంట్లో ఇదే వరస. సోమవారం పక్క ఊరు మక్కుమ్ నుంచి ఒక బామ్మగారి ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచీ దౌవె కోడలితో మాట్లాడ్డం మానేశాడు. పద్నాలుగు నెలల మనవరాలు ఆవు పొదుగుని కొరుకుతుంటే ఒక చన్ను ఊడి నోట్లో ఉండిపోయిందనీ, తాను వేలు పెట్టి లాగేశాననీ, పిల్ల క్షేమంగా ఉందనీ ఆవిడ రాసింది. ఆ చన్నుని కూడా దూదిలో చుట్టి కవరులో పెట్టి పంపింది. రిన్స్కె ఆ ఉత్తరం చదివి, అమ్మిన ఆవులన్నిటినీ వెనక్కి పిలవాలంది. దౌవె లేచి భోజనం బల్ల దగ్గర్నుంచి వెళ్ళిపోయాడు.

ఆరొందల నలభై ఆవులు. వర్కుమ్‌లో వాళ్ళ వర్క్‌షాపులో తయారై, ఇరవై మూడు షాపులకి వెళ్ళాయి. పిల్లలకి కానుకలు పంచే సింతర్‌క్లాస్ పండుగ ఇంకా రెండు వారాలుంది. రేపు శనివారం, పిల్లల కానుకలకోసం జనం షాపుల మీద పడే రోజు. ఇవాళ పన్నెండు గంటల్లోపు నోటీసు వెళ్తేనే షాపులవాళ్ళు సాయంత్రానికి ఆవుల్ని తీసేస్తారు. నోటీసు మీద యజమాని సంతకం ఉండాలి. యజమాని ముందు గదిలో మొహం తిప్పుకుని కూర్చున్నాడు. రిన్స్కెకి భయంగా ఉంది. ఏ ఇంట్లో ఏ పిల్ల ఆ పొదుగుని నోట్లో పెట్టుకుంటోందోనన్న ఆలోచన నాలుగు రోజులుగా ఆమెని వదల్లేదు.

గడియారం మోగింది.

ఆమె భర్త ఒన్నె చేపలు తూచే స్ప్రింగ్ త్రాసు పట్టుకుని పెరటి తలుపులోంచి వచ్చాడు. తడి ఆవుల్ని తువ్వాలు మీద వరసగా పడుకోబెట్టారు. ఒన్నె ఒక్కో ఆవుకీ ఒక చన్నుని చిన్న బిగింపు పెట్టి పట్టుకుని, త్రాసు కొక్కెం తగిలించి, తొమ్మిది కిలోలు చూపేదాకా లాగాలి. పది సెకండ్లు ఆగాలి.

మొదటి ఆవుకి నాలుగు కిలోల దగ్గరే ఊడింది.

రిన్స్కె దాన్ని తీసి గాజుగొట్టంలో వేసింది. పసిపిల్లల గొంతు కొలతకి చేసిన గొట్టం అది. మొత్తం పట్టిందంటే గొంతులోకి పోయే వస్తువని లెక్క. చన్ను టక్కుమని అడుక్కి చేరింది.

రెండో ఆవు నిలిచింది. మూడోది ఊడింది. నాలుగోది లాగకముందే ఒన్నె అరచేతిలోకి వచ్చేసింది.

"దీనికి మాత్రం పాలు పిండడం చాలా సులువు," అన్నాడు ఒన్నె.

"నోర్ముయ్. నవ్వించకు."

పన్నెండు ఆవులూ అయ్యేసరికి గొట్టంలోకి ఏడు చన్నులు చేరాయి. ఒన్నె నవ్వు కూడా ఆరిపోయింది.

గుమ్మంలో దౌవె నిలబడి ఉన్నాడు. పెళ్ళాం పుట్టినరోజని బూడిదరంగు కోటు, టై. చంకలో, తన చేత్తో చేసి కిటికీ దగ్గర పెట్టుకున్న ఆవు.

"ఒన్నే! దీన్ని లాగు," అన్నాడు, కోడలి వైపు చూడకుండా.

"నాన్నా, ఇప్పుడెందుకు..."

"లాగరా!"

ఒన్నె లాగాడు. తొమ్మిది కిలోలు. పన్నెండు. పదిహేను. చన్ను కదల్లేదు. రెండు చేతులతో లాగాడు. త్రాసు స్ప్రింగు సాగిపోయి ముల్లు పక్కకి ఒరిగిపోయింది కాని, పొదుగు చెక్కుచెదరలేదు.

"అదీ!" అన్నాడు దౌవె, ఆవుని తిరిగి చంకలో పెట్టుకుంటూ. ఆయన మొహం నాలుగు రోజుల తర్వాత వెలిగింది. "దౌవె ఆవంటే అదీ! ల్యాబువాళ్ళు కూడా ఇదే కదా రాశారు? అమ్మకానికి ముందు ఆరు పంపితే ఆరూ పాస్. కాగితం ఉందిగా ఈవిడ దగ్గర!"

కాగితం ఉంది. రిన్స్కెకి అందులో ప్రతి అంకె కంఠతా వచ్చు. ఈ నాలుగు రోజులూ ఆమెని తినేస్తున్న చిక్కు కూడా అదే. ల్యాబులో ఒక్క చన్నూ ఊడలేదు. మరి ఇక్కడ పన్నెండింట ఏడు ఎలా ఊడాయి? ఆమె తువ్వాలు మీద ఆవుల్ని చూసింది. మావగారి చంకలో ఆవుని చూసింది. ఏదో అనుమానం తగిలింది.

"మావయ్యా, ల్యాబుకి పంపిన ఆరూ ఎవరు చేశారు?"

ప్రశ్న తన పనితనం గురించి కాబట్టి దౌవె మౌనవ్రతం మర్చిపోయాడు.

"ఇంకెవరు చేస్తారు? నేనే! వారం పట్టింది. ఒక్కో చన్నూ పొదుగులోంచి అవతలికి దూర్చి, వెనక చివర రంపంతో చీల్చి, ఆ చీలికలో పల్చటి చీల దిగ్గొట్టాను. చివర విచ్చుకుపోతుంది. ఇక ఎద్దుని కట్టి లాగినా ముందుకి రాదు."

"షాపులకి వెళ్ళినవి?"

"అవి వర్క్‌షాపులోవాళ్ళు జిగురుపెట్టి అతికించినవి. రెండువేల ఐదువందల అరవై చన్నులకి చీలలేస్తూ కూర్చుంటే సింతర్‌క్లాస్ వచ్చి వెళ్ళిపోతాడు."

"మరి అతికించినవి ల్యాబుకి పంపలేదేం?"

దౌవె నిజంగా అదిరిపడ్డాడు. "జిగురు పెట్టినవా? పరాయివాళ్ళకా? మన ఇంట్లోంచి ఒక వస్తువు బయటికెళ్తుంటే మంచిది ఏరి పంపమా? ఇవాళ మీ అత్తయ్య వచ్చినవాళ్ళకి అంచు విరిగిన కప్పులు పెడుతుందా?"

ఒన్నె మెల్లగా కుర్చీలో కూలబడ్డాడు.

"అంటే నాన్నా," అన్నాడు చివరికి, "ల్యాబువాళ్ళు పాస్ చేసింది ఎవరూ కొనని ఆవుని."

దౌవె చంకలో ఆవుని బల్లమీద పెట్టాడు.

రిన్స్కెకి కోపం రావలసింది. రాలేదు. ఈ ముసలాయన మోసం చెయ్యలేదు, మర్యాద చేశాడు. నలభై ఏళ్ళు ఇలాగే ఏరి ఏరి పంపి ఉంటాడు.

"తప్పు నాది కూడా మావయ్యా. 'రోజువారీ తయారీలోంచి తీసినవేనా' అని ఫారంలో ఒక గడి ఉంటుంది. మిమ్మల్ని అడక్కుండా టిక్కు పెట్టేశాను. బొమ్మకి హామీ ఇచ్చిన కాగితం కింద సంతకం కూడా నాదే."

అప్పుడే గుమ్మం గంట మోగింది.

*

పదకొండుకల్లా ముందు గదిలో కుర్చీలు గుండ్రంగా నిండిపోయాయి. వచ్చినవాళ్ళు వచ్చినట్టే ఆనవాయితీ ప్రకారం అందరితోనూ చేతులు కలిపారు. సీట్స్కెకి పుట్టినరోజు శుభాకాంక్షలు. దౌవెకి భార్య పుట్టినరోజు శుభాకాంక్షలు. ఒన్నెకి అమ్మ పుట్టినరోజు శుభాకాంక్షలు. రిన్స్కెకి అత్తగారి పుట్టినరోజు శుభాకాంక్షలు. పక్కింటి వోప్కె, ఒకప్పుడు పడవ నడిపినవాడు, మోకాలు నొప్పితో కూడా ఒక్క చెయ్యి వదలకుండా వలయం అంతా తిరిగొచ్చి కూర్చున్నాడు.

గులాబీరంగు పూత వేసిన నారింజ కేకు ముక్కలు చేతులు మారుతున్నాయి. రిన్స్కె కాఫీ పోస్తూ మావగారి కుర్చీ దగ్గర వంగింది. ఆయన కోటు జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి ఆమె పళ్ళెం కిందకి తోశాడు. సొంతంగా నోటీసు రాశాడన్నమాట. రిన్స్కె గుండె ఎగిరింది. కిటికీ వైపు తిరిగి చదివింది.

"మా ఖాతాదారుల పట్ల మాకున్న ప్రత్యేక శ్రద్ధ కొద్దీ, కేవలం ముందుజాగ్రత్తగా, మా ఆవులు కొన్నాళ్ళు పుట్టింటికి రావాలని కోరుతున్నాము. అత్యంత అరుదుగా ఒక చిన్న భాగం వదులు కావచ్చు. ఇంతవరకు ఎవరికీ ఏ హానీ కలగలేదు."

"మావయ్యా, ఇది కుదరదు," అంది గుసగుసగా.

"ఏం? బాగా రాశానే!"

"మరీ బాగుంది. 'ముందుజాగ్రత్తగా' అనకూడదు. 'అరుదుగా' అనకూడదు. 'ఎవరికీ ఏం కాలేదు' అనకూడదు. చట్టంలో ఉంది. అలా రాస్తే చదివినవాళ్ళు ఏం పర్లేదులే అని ఊరుకుంటారు."

"అబద్ధం ఏముంది అందులో?"

"అబద్ధం లేదు. జోలపాట ఉంది."

"నలభై ఏళ్ళు, అమ్మాయ్! ఒక్క ఆవు తిరిగి రాలేదు నా దగ్గరికి! ఇప్పుడు పేపర్లో 'ప్రమాదం' అని నా పేరు వేసుకోవాలా?" గుసగుస గుసగుసలా లేదు. వలయంలో సగంమంది చూశారు. సీట్స్కె కేకు కత్తిని గిన్నెకి కొట్టి, "ఇంకెవరికి క్రీమ్?" అంది.

గోడగడియారం పదకొండున్నర చూపిస్తోంది. రిన్స్కె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఈ మనిషి మంచివాడని తెలుసు. మంచివాడితో దెబ్బలాడడం ఎంత కష్టమో ఇవాళే తెలిసింది.

వోప్కె ఏమీ పట్టనట్టు మూతి తుడుచుకుని మొదలుపెట్టాడు.

"దౌవే, నీ ఆవు ఒకటి కొన్నానయ్యా, మా చిన్న మనవరాలికి. పండుగదాకా దాచిపెట్టాలిగా, పడవలో పెట్టాను. ఇంతకీ ఒకటడుగుతాను. అది పిల్ల కాదు, చెదపురుగు. మంచం కోళ్ళు కొరికేసింది. నీ ఆవు తట్టుకుంటుందా?"

అందరూ నవ్వారు. దౌవె నవ్వలేదు. కేకు పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని వోప్కె వైపు తిరిగాడు.

"ఆ పిల్లకి వయసెంత?" అన్నాడు.

"పదకొండు నెలలు."

"తిరిగి తెచ్చెయ్."

"ఏంటీ?"

"ఆవుని తెచ్చెయ్ వోప్కే. పిల్లకివ్వకు. చన్నులు ఊడుతున్నాయి. ఊడితే గొంతులో అడ్డం పడుతుంది. ఊపిరాడదు. తెచ్చెయ్, బాగుచేసి ఇస్తాను. వద్దంటే డబ్బులు పట్టుకెళ్ళు."

ఎవరి చెంచానో పళ్ళేనికి తగిలింది.

రిన్స్కె అప్పటికే మావగారి కాగితం వెనక్కి తిప్పి, ఆయన అన్న మాట అన్నట్టు రాసేసింది. ఆవుని పిల్లకివ్వకండి. చన్నులు ఊడుతున్నాయి. ఊడితే గొంతులో అడ్డం పడుతుంది. తిరిగి తెండి. బాగుచేసి ఇస్తాం, వద్దంటే డబ్బులిస్తాం.

"మావయ్యా," అంది, కాగితం ఆయన ముందు పెట్టి. "నోటీసు ఇదే. మీరే రాశారు."

దౌవె చదివాడు. కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకుని ఇంకోసారి చదివాడు.

"నా పేరు పైన వెయ్యి," అన్నాడు. "కిందెక్కడో చిన్న అక్షరాల్లో కాదు." సంతకం చేసి, పెన్ను కోడలికిచ్చి, "ఇంకో ముక్క కేకు పెట్టు సీట్స్కే," అన్నాడు.

వోప్కె లేచి, నొప్పి మోకాలితోనే నడిచివచ్చి, దౌవె చెయ్యి పట్టుకుని ఊపాడు. ఎందుకు శుభాకాంక్షలో ఆయన చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

*

పన్నెండుకి పది నిమిషాలుండగా నోటీసు ఇరవై మూడు షాపులకీ, బొమ్మల భద్రత చూసే తనిఖీ కార్యాలయానికీ వెళ్ళిపోయింది. ల్యాబు ఆవుల సంగతి కూడా దాచకుండా రాసింది రిన్స్కె. రెండుంబావుకి కార్యాలయం నుంచి ఫోన్ వచ్చింది. చుట్టాలు వెళ్ళిపోయారు, ఒన్నె కుర్చీలు సర్దుతున్నాడు. అవతల మాట్లాడే అధికారిణి గొంతు తాపీగా ఉంది. కోప్పడలేదు, జాలిపడనూ లేదు.

ఫోన్ పెట్టేసి రిన్స్కె వర్క్‌షాపులోకి వెళ్ళింది. దౌవె అక్కడ బల్లముందు కోటు విప్పి కూర్చుని ఉన్నాడు.

"ఏమంటారు?"

"సోమవారం తొమ్మిదింటికి ఆవిడే వస్తారట. బాగుచేసిన పన్నెండు ఆవులు షెల్ఫులో ఉండాలి. అందులోంచి మూడు తీసుకుని ఇక్కడే లాగి చూస్తారు. నిలిస్తే తిరిగొచ్చిన ఆవులన్నీ బాగుచేసి పండుగలోపు పంపుకోవచ్చు. ఊడితే ఈ ఏడాదికి ఆవుల్లేవు."

"పన్నెండేగా! ఇవాళ మొదలుపెడితే ఆదివారానికి..." దౌవె అప్పుడే సొరుగు తీసి చీలలు వెతుకుతున్నాడు. "మంచి మూడు నేనే ఏరి ముందు వరసలో పెడతాను."

"మావయ్యా!"

"ఏం?"

"ఏరేది ఆవిడ. తన చేత్తో. మీరు ముట్టుకోకూడదు."

దౌవె చెయ్యి సొరుగులో ఆగిపోయింది. జీవితంలో మొదటిసారి ఆయన ఏరకుండా ఆయన ఆవు బయటివాళ్ళ చేతికి వెళ్ళబోతోంది. ఆ మాట ఆయనకి నోటీసుకన్నా ఎక్కువ తగిలింది.

"సరే. అయితే పన్నెండూ బ్రహ్మాండంగా చేస్తాను. ఏది తీసినా దౌవె ఆవే ఉంటుంది."

"మళ్ళీ అదే తప్పు!" రిన్స్కె నవ్వేసింది, ఏడుపు కలిసిన నవ్వు. "సోమవారం మీ పన్నెండూ నెగ్గుతాయి. ఆ తర్వాత ఆరొందల ఆవులకి చీలలు ఎవరేస్తారు? మీరొక్కరేనా? వర్క్‌షాపులో ఇది ఇంకెవరికైనా వచ్చా?"

ఇంకెవరికీ రాదు. ఆయన ఎవరికీ నేర్పలేదు. అడిగినవాళ్ళకి కూడా, చూసి నేర్చుకోండి అని వీపు తిప్పి కూర్చునేవాడు.

"నేర్పాలంటావు," అన్నాడు చివరికి. "రెండు రోజుల్లో. ఎవరికి?"

రిన్స్కె మేకుకి వేలాడుతున్న తోలు ముందుగుడ్డ తీసి నడుముకి చుట్టుకుంది. అది ఆమెకి రెండు చుట్లు వచ్చింది.

"నాకు."

"నీకా? నువ్వు ఉలి పట్టుకున్నావా ఎప్పుడైనా?"

"లేదు. అందుకే. నేను చేసింది నిలిస్తే ఎవరు చేసినా నిలుస్తుంది. సోమవారం ఆవిడ లాగేది నా ఆవుల్నే."

దౌవె కోడలి చేతుల వైపు చూశాడు. కాగితాలు తిప్పిన మెత్తటి చేతులు. తర్వాత తన స్టూలు ఖాళీ చేసి, పక్కన నిలబడ్డాడు. ఆ స్టూలు మీద ఇంకొకరు కూర్చోవడం ఒన్నె కూడా ఎప్పుడూ చూడలేదు.

"చీలికకి ఎదురుగా పెట్టు. అలా కాదు. బీచ్ చెక్క ఇది, వెన్న కాదు. వేలు తియ్యి! వేలు! మెల్లగా దిగ్గొట్టు. చప్పుడు మారుతుంది, విను. మారిందా? ఆగు."

ముప్ఫై ఐదు నిమిషాలకి ఒక్క చన్ను తయారైంది. కొంచెం పక్కకి ఒరిగి ఉంది. రిన్స్కె చెమట తుడుచుకుని త్రాసుకోసం చూసింది. దాని స్ప్రింగు పొద్దున్నే సాగిపోయింది.

దౌవె ఆవుని ఎత్తి పట్టుకున్నాడు. కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని, పొదుగుని నోటి దగ్గర పెట్టుకుని, డెబ్భై ఒక్క ఏళ్ళ పళ్ళతో ఆ చన్నుని పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు.

రిన్స్కె ముందుకి వంగింది.

ఆయన అరచేతిలోకి ఉమ్మాడు. చిన్న చెక్కముక్క, తడిగా మెరుస్తోంది. దాన్ని ఇటూ అటూ తిప్పి చూసి, విరిగిన చీలని గోటితో తీసి, కోడలి చేతిలో కొత్త చీల పెట్టాడు.

"మళ్ళీ చెయ్యి, అమ్మాయ్."